ఉప్పెన మిగిల్చిన పేర్లు: విలియం రాక్స్‌బర్గ్ జీవితము

శేషాచల శ్రేణిలో పెరుగు వృక్షములలో తంబజాలారి యొకటి. నిటారుగా ఎదిగిన మాను, రెక్కలు గల కాయ, గాటు పెట్టినచో స్రవించు గుగ్గిలము దాని గుర్తులు. తూర్పుకనుమల దక్షిణభాగమున దప్ప లోకమున మరెక్కడను అది సహజముగా పెరుగదు. వృక్షశాస్త్రమున దాని పేరు షోరియా తుంబుగ్గాయా. ఈ జంటపేరులో మొదటిమాట 1793 మొదలు 1798 వరకు గవర్నరు జనరలుగా నుండిన సర్ జాన్ షోరును స్మరించును. రెండవమాట తెలుగుదేశపు అడవిలో వినబడిన వాడుకపేరు. పాలకుని పేరును, పల్లెవాని మాటను ఒక్క దారమున గుచ్చినవాడు విలియం రాక్స్‌బర్గ్. భారతీయ వృక్షశాస్త్రమునకు పితామహుడని పండితలోకము కొనియాడు ఈ స్కాట్లండు వైద్యుడు తన జీవితమున పండ్రెండేండ్లు గోదావరీ తీరసీమలోనే గడపెను. అతడు పేరు పెట్టిన చెట్లు నేటికిని నిలిచియున్నవి. ఆ పేర్లకు సాక్ష్యముగా నుండవలసిన మూలపు ఎండుకొమ్మలలో పెక్కు మాత్రము లేవు. ఆ లోటు ఎట్లు కలిగెను, దానిని పండితులు ఎట్లు పూడ్చుచున్నారు అను విషయము అతని జీవితకథలోనే ఇమిడియున్నది.

రాక్స్‌బర్గ్ 1751వ సంవత్సరమున స్కాట్లండులోని ఏర్‌షైర్ మండలమున జన్మించెను. ఎడింబరో విశ్వవిద్యాలయమున వైద్యము చదివెను. ఆ కాలమున వైద్యవిద్యార్థికి మొక్కల జ్ఞానము అలంకారము కాదు, అవసరము. మందులన్నియు దాదాపుగా మొక్కలనుండియే వచ్చుచుండెను. అచ్చట వృక్షశాస్త్రము బోధించిన జాన్ హోప్ అను ఆచార్యుడు శిష్యులకు మొక్కను చూచుట నేర్పినవాడు. ఆకు అమరిక, పూవులోని కేసరముల లెక్క, కాయ పగులు తీరు, ఇవన్నియు కన్నుతో చూచి మాటతో చెప్పగలుగుట ఆ శిక్షణలోని సారము. ఆ చూపే రాక్స్‌బర్గునకు జీవితాంతము పెట్టుబడి అయ్యెను. ఈస్టిండియా కంపెనీ ఓడలలో వైద్యసహాయకుడుగా కొంతకాలము తిరిగి, 1776లో అతడు మద్రాసు వైద్యశాఖలో ఉద్యోగమున ప్రవేశించెను.

1781లో అతనిని సామర్లకోటకు పంపిరి. కోటలోని పటాలమునకు వైద్యము చేయుట అతని ఉద్యోగము. ఉద్యోగము పూర్తియైన పిమ్మట మిగిలిన ప్రొద్దంతయు అతడు తోటకును, అడవికిని అర్పించెను. రాజమహేంద్రవరము పరిసరపు కొండలలో అడవిమిరియపు తీగ కానబడగా దానిని తెచ్చి సామర్లకోట తోటలో పెంచ యత్నించెను. నీలిమందు నిచ్చు చెట్లను, రంగులనిచ్చు బెరడులను, లక్క పురుగును పరిశీలించెను. ఇందు కేవలము జ్ఞానతృష్ణయే యున్నదనుట సరికాదు. కంపెనీవారికి కావలసినది వ్యాపారము. ఏ మొక్క వలన లాభము వచ్చునో తెలిసికొనుటకే వారు వృక్షశాస్త్రజ్ఞుని పోషించిరి. అయినను యజమాని కోరినదానికంటె ఎక్కువగా చూచుట, చూచినదంతయు వ్రాసికొనుట రాక్స్‌బర్గు స్వభావము. దినదినము గాలి ఒత్తిడిని, వేడిమిని, వానను కొలిచి పట్టికలు కట్టుటయు అందులోని భాగమే.

ఆ రోజులలో దక్షిణదేశమున మొక్కలను గూర్చి చెప్పదగినవాడు యోహాన్ గెర్హార్డ్ కోనిగ్. అతడు వర్గీకరణశాస్త్రమునకు మూలపురుషుడైన లిన్నేయస్ శిష్యుడు. 1768లో తరంగంబాడికి వచ్చి, పిమ్మట ఆర్కాటు నవాబు కొలువునను, కంపెనీ కొలువునను పనిచేసినవాడు. 1785లో కాకినాడను ఆనుకొనియున్న జగన్నాథపురమున అతడు జబ్బుపడి మరణించెను. ఆ చివరి దినములలో అతనికి చికిత్స చేసిన వైద్యుడు రాక్స్‌బర్గు. లిన్నేయస్ నుండి కోనిగునకు, కోనిగు నుండి రాక్స్‌బర్గునకు ఆ విద్యాపరంపర తెలుగుతీరమున చేతులు మారినదని చెప్పవచ్చును.

కోనిగు మరణించిన రెండేండ్లకు, అనగా 1787వ సంవత్సరము మే నెలలో, గొప్ప తుపాను వీచెను. సముద్రము పొంగి కోరంగి, ఇంజరము మొదలగు తీరగ్రామములను ముంచివేసెను. వేలకొలది జనులు మృతినొందిరి. ఆ ఉప్పెనలో రాక్స్‌బర్గు సంవత్సరముల తరబడి కూర్చిన ఎండుమొక్కల సంగ్రహము, పుస్తకములు, కాగితములు నీటిపాలయ్యెను. మనుష్యులే కొట్టుకొనిపోయిన ఉత్పాతమున ఎండుకొమ్మలకై విలపించుట చిన్నమాటగా తోచవచ్చును. కాని వృక్షశాస్త్రజ్ఞునికి ఆ కొమ్మలే సాక్ష్యపత్రములు. ఏ కొండలో, ఏ ఋతువున, ఏ పూవును చూచి ఏ మాట వ్రాసెనో ఋజువు చేయునవి అవియే. ముప్పదియారేండ్ల వయస్సున అతడు మరల మొదటి మెట్టునుండి ఆరంభింపవలసివచ్చెను.

రెండవసారి ఆరంభించిన కృషిలో ప్రధానస్థానము చిత్రలేఖనమునకు దక్కెను. అతడు దేశీయ చిత్రకారులను కొలువున పెట్టుకొనెను. అడవినుండి పచ్చికొమ్మను తెప్పించి వారి ముందుంచెడివాడు. వారు ఆకును, పూవును, కాయను సహజపరిమాణమున గీసి రంగులు వేసెడివారు. పూవును కోసి లోపలి అవయవములను విడివిడిగా చూపెడివారు. ప్రతి చిత్రమునకు ఒక సంఖ్య యుండెను. ఆ సంఖ్యకు సరిపడు వర్ణనను రాక్స్‌బర్గు స్వయముగా వ్రాసెడివాడు. చెట్టు ఎత్తు, నేల స్వభావము, పూచు కాలము, కఱ్ఱ ఉపయోగము, తెలుగువారు దానిని పిలుచు పేరు, ఇవన్నియు ఆ వర్ణనలో చేరెడివి. ఎండినకొమ్మ రంగు వెలిసిపోవును, తేమగాలికి బూజు పట్టును, చెదపురుగు తినివేయును. చక్కని కాగితముపై వేసిన చిత్రమునకు ఆ బాధలు తక్కువ. పైగా దానికి నకలు తీయవచ్చును. ఒక ప్రతి పోయినను మరియొకటి మిగులును.

కర్ణాటక ప్రాంతమునకు కంపెనీ వృక్షశాస్త్రజ్ఞుడుగా నుండిన పాట్రిక్ రస్సెల్ 1789లో స్వదేశమునకు మరలగా ఆ పదవి రాక్స్‌బర్గునకు లభించెను. అవి సర్కారు జిల్లాలలో ఘోరమైన క్షామము తాండవించిన సంవత్సరములు. 1789 మొదలు 1792 వరకు వానలు మొగము చాటువేసెను. ఆ దుఃస్థితిని కన్నులార చూచిన అతడు కొబ్బరి, తాటి, పనస, అరటి మొదలగు ఆహారమునిచ్చు చెట్లను చెరువుగట్లను, బాటల ప్రక్కను విరివిగా నాటింపవలెనని అధికారులకు సూచించెను. అతడు సామర్లకోటలో వ్రాసిపెట్టిన వాతావరణ పట్టికలు ఆ క్షామముల స్వరూపమును తెలిసికొనగోరు నేటి చరిత్రకారులకు సైతము ఉపకరించుచున్నవి.

అతడు లండనునకు పంపిన చిత్రములనుండి జోసెఫ్ బ్యాంక్స్ మూడువందలను ఏరి ముద్రణకు సిద్ధపరచెను. కోరమాండల్ తీరపు మొక్కలు అను అర్థమిచ్చు శీర్షికతో ఆ గ్రంథము మూడు సంపుటములుగా 1795 మొదలు 1820 వరకు వెలువడెను. రాయలసీమ రైతుకు సుపరిచితమైన నారయేపి అందులోనే హార్డ్‌వికియా బైనేటా అను శాస్త్రనామమును పొందెను. సోమిదమాను కథ మరింత విశేషమైనది. దాని చేదుబెరడు జ్వరమునకు మందుగా పనిచేయునని గ్రహించి, దూరదేశమునుండి వచ్చు సింకోనా బెరడునకు బదులుగా దానిని వాడవచ్చునేమో యని అతడు పరీక్షలు చేసెను. అతడు దానిని మహాగని జాతితో చేర్చి జ్వరహరమను అర్థమిచ్చు పేరు పెట్టెను. తరువాత 1830లో జస్యూ అను ఫ్రెంచి పండితుడు దానిని వేరుచేసి కొత్త ప్రజాతిగా నిలుపుచు దానికి సోమిడా అని తెలుగుపేరునే ఇచ్చెను. ఆ విధముగా మన అడవిమాట ప్రపంచ వృక్షశాస్త్రమున శాశ్వతస్థానము సంపాదించెను.

1793లో కలకత్తా వృక్షోద్యానమును నెలకొల్పిన రాబర్ట్ కిడ్ మరణించెను. ఆ స్థానమునకు రాక్స్‌బర్గును పిలిచిరి. అతడు సామర్లకోటను విడిచి హుగ్లీ ఒడ్డున కాపురముండెను. చేపట్టిననాడు కొన్ని వందల మొక్కలున్న ఆ తోట ఇరువదియేండ్లలో దాదాపు 3500 జాతులకు నిలయమయ్యెను. దేశదేశములనుండి విత్తనములు తెప్పించి మొలకెత్తించి, పూచువరకు కాచుకొని, పూచిన పిదప చిత్రము వేయించి, వర్ణన వ్రాసెడివాడు. చిత్రముల సంఖ్య రెండువేల అయిదువందలు దాటెను. ఎండుకొమ్మలను మాత్రము అతడు తన ఉద్యానమున క్రమపద్ధతిగా భద్రపరుపలేదు. బ్రతికిన చెట్టు కన్నుల యెదుట నుండగా ఎండినకొమ్మతో ఏమి పని అని అతని కాలమువారికి తోచుట సహజమే. తాను చేసిన కొలది నమూనాలను ఐరోపాలోని మిత్రులకు పంచిపెట్టెను.

ఆరోగ్యము చెడగా 1813లో అతడు భారతదేశమును విడిచెను. దారిలో సెయింట్ హెలీనా ద్వీపమున కొంతకాలము నిలిచి, అచ్చటి మొక్కల పట్టికను గూడ తయారుచేసెను. 1815లో ఎడింబరో నగరమున తనువు చాలించెను. బయలుదేరునప్పుడు తన మహాగ్రంథమైన ఫ్లోరా ఇండికా వ్రాతప్రతిని శ్రీరాంపురములోని మిత్రుడు విలియం కేరీ చేతికి అప్పగించెను. కేరీ మతబోధకుడు, ముద్రాపకుడు, బహుభాషావేత్త. 1814లో కలకత్తా తోటలోని మొక్కల పట్టికను ముద్రించినవాడు అతడే. ఆ యేటనే తెలుగు వ్యాకరణమును ఇంగ్లీషులో ప్రచురించినవాడును అతడే. కుంభి చెట్టునకు కేరియా అను పేరు పెట్టి రాక్స్‌బర్గు ఆ స్నేహమును చిరస్మరణీయము చేసెను.

గ్రంథకర్త మరణించిన తరువాత గ్రంథము మెల్లగా నడచెను. మొదటి సంపుటము 1820లోను, రెండవది 1824లోను నథానియేల్ వాలిచ్ చేర్పులతో వెలువడి అంతటితో నిలిచిపోయెను. సంపూర్ణముగా మూడు సంపుటములు అచ్చు పడినది 1832లో. ఈ ఆలస్యమునకు రాక్స్‌బర్గు పేర్లు మూల్యము చెల్లించుకొనెను. వృక్షశాస్త్రమున మొదట సక్రమముగా ప్రకటింపబడిన పేరే చెల్లుబడియగును. చిత్తూరు ప్రాంతపు అడవులలో కానవచ్చు జాలారి చెట్టునకు రాక్స్‌బర్గు షోరియా తలూరా అని పేరిడెను. ఆ పేరు 1832లో వెలువడెను. అంతకు ఒక యేడాది ముందు, 1831లో, జార్జి డాన్ అను పండితుడు ఆ చెట్టునకే షోరియా రాక్స్‌బర్గియై అని పేరు ప్రకటించియుండెను. తత్ఫలితముగా రాక్స్‌బర్గు పెట్టిన పేరు ప్రక్కకు తొలగెను. రాక్స్‌బర్గును గౌరవించు పేరు నిలిచెను. చెట్టు అతని పేరు మోయుచున్నది, అతడిచ్చిన పేరును మాత్రము మోయుట లేదు. తంబజాలారికి పోటీపేరు ముందుగా రాలేదు గనుక తుంబుగ్గాయా అను మాట దక్కినది.

నమూనాల చరిత్ర ఇంకను చిక్కులమయము. కంపెనీవారి యొద్దనున్న ఎండుమొక్కలను వాలిచ్ 1828 మొదలు లండనునుండి పలు సంస్థలకు పంచెను. రాక్స్‌బర్గు కొమ్మలు కొన్ని వానిలో కలిసిపోయెను. లాంబర్ట్ అను సంపన్నుని సంగ్రహములో చేరినవి అతని మరణానంతరము 1842లో వేలమునకు వచ్చి చెల్లాచెదరయ్యెను. కొన్ని లండనులో, కొన్ని ఎడింబరోలో, కొన్ని బ్రస్సెల్సులో తేలెను. తోటలోని చెట్లైనను మిగిలినవా యన్నచో, 1864 అక్టోబరులో కలకత్తాను తాకిన పెనుతుపాను ఆ ఉద్యానమున సగమునకు పైగా చెట్లను నేలగూల్చెను. 1787 నాటి ఉప్పెన ఎండుకొమ్మలను మ్రింగెను. 1864 నాటి గాలి పచ్చని సాక్షులను కూల్చెను. రెంటిని దాటి మిగిలినవి వర్ణనలు, చిత్రములు. మూలచిత్రములు హౌరాలోని ఉద్యానమునకు చెందిన హెర్బేరియములోను, వాని నకళ్లు లండనుచెంత క్యూ ఉద్యానమునందును ఉన్నవి.

మూలనమూనా పోయినచో వచ్చు నష్టమేమి? వృక్షశాస్త్రమున ప్రతి పేరును ఒక నమూనాకు ముడివేయుదురు. దానిని టైప్ అందురు. ఒక పేరు ఏ మొక్కకు చెందునను వివాదము వచ్చినప్పుడు తీర్పు చెప్పునది వర్ణన కాదు, ఆ నమూనాయే. మాటలు రెండు మూడు మొక్కలకు సరిపోవచ్చును. కొమ్మ ఒక్క మొక్కకే చెందును. రాక్స్‌బర్గు కాలమున ఈ నియమము లేదు. అది 20వ శతాబ్దమున స్థిరపడినది. 1958 జనవరి 1 నుండి కొత్త జాతికి పేరు పెట్టువారు మూలనమూనాను తప్పక పేర్కొనవలెను. అంతకు పూర్వపు పేర్లకు, ముఖ్యముగా ఉష్ణదేశపు మొక్కల పేర్లకు, వెనుకకు పోయి ఆధారమును వెదకి నిర్ణయింపవలసియున్నది.

ఆ వెదకులాట పాఠపరిష్కర్త పనిని పోలియుండును. కవి స్వహస్తముతో వ్రాసిన ప్రతి దొరకనప్పుడు పండితుడు మిగిలిన తాళపత్రములను కూర్చి, ఏది మూలమునకు దగ్గరయో తేల్చును. అట్లే వృక్షశాస్త్రజ్ఞుడు మొదట రాక్స్‌బర్గు వర్ణనను అక్షరాక్షరము చదువును. ఆ చెట్టు ఏ కొండలదని చెప్పెనో, ఏ నెలలో పూచునని వ్రాసెనో, తెలుగుపేరు ఏమనెనో గమనించును. తరువాత సంఖ్యనుబట్టి చిత్రమును వెదకును. అటుపిమ్మట ఐరోపా సంగ్రహములలో రాక్స్‌బర్గు చేవ్రాత గల చీటీ అంటించిన కొమ్మ యేమైన ఉన్నదా యని చూచును. దొరికిన మూలసామగ్రినుండి ఒకదానిని ఎన్నుకొని ఇదియే ఆధారమని ప్రకటించును. దానిని లెక్టోటైప్ అందురు. కొమ్మ లేనిచోట చిత్రమే ఆ స్థానమును పొందవచ్చును. చిత్రమున ముఖ్యలక్షణము స్పష్టముగా లేనిచో దానికి తోడుగా కొత్త నమూనా నొకదానిని నిలుపుదురు, అది ఎపిటైప్. కొమ్మయు చిత్రమును రెండును లేనప్పుడు మాత్రమే పూర్తిగా కొత్త నమూనాను మూలస్థానమున కూర్చుండబెట్టుదురు, అది నియోటైప్. రేపు అసలు సామగ్రి బయటపడినచో నియోటైప్ తన పీఠమును ఖాళీచేయవలసినదే.

తిరుమల ఆలయమున తరతరములు దాగియుండి 20వ శతాబ్దమున వెలికివచ్చిన తాళ్లపాకవారి రాగిరేకులు ఇచ్చట స్మరణకు వచ్చును. ఆ రేకులలో సంకీర్తన సాహిత్యమున్నది, రాగము పేరున్నది, స్వరలిపి లేదు. ఉన్నదానిని ఆధారముగా గ్రహించి లేనిదానిని వినయముతో ఊహింపవలసియున్నది. రాక్స్‌బర్గు చిత్రములును అట్టివే. రూపమున్నది, మాటయున్నది, చేతితో ముట్టి పరీక్షింపదగిన దేహము లేదు. ఈ రంగమున జె. ఆర్. సీలీ 1956లో క్యూ ఉద్యానములోని చిత్రములకు సంఖ్యాక్రమమున పట్టిక ప్రకటించి పరిశోధకులకు గొప్ప ఉపకారము చేసెను. 1997లో ఎల్. ఎల్. ఫోర్మన్ రాక్స్‌బర్గు పేర్లకు ఆధారములను నిర్ణయించు విధానమును చర్చించెను. పని నేటికిని ముగియలేదు.

ఇందు తెలుగుపేర్ల విలువ తక్కువది కాదు. చిత్రము సందేహమున పడవేసినప్పుడు ప్రజల నోటిమాట దారి చూపును. కాని అది ఏకైక సాక్షి కాజాలదు. తెల్లమద్ది, నల్లమద్ది రెండును మద్దులే, శాస్త్రమున వేర్వేరు జాతులు. జాలారి వేరు, తంబజాలారి వేరు. వాడుకపేరును చిత్రముతోను, వర్ణనతోను సరిచూచినప్పుడే అది ప్రమాణమగును.

పేరులో నేమున్నది, చెట్టు ఉండిన చాలును గదా యని అడుగువారుండవచ్చును. చెట్టును కాపాడు చట్టమునకు పేరే ఆధారము. తంబజాలారి అంతరించు ప్రమాదమున నున్న జాతుల అంతర్జాతీయ పట్టికకు ఎక్కినది. అడవి యీతను పోలియుండు పెరితను, అనగా సైకస్ బెడ్డోమైను, 1883లో డయ్యర్ అను పండితుడు రిచర్డ్ బెడ్డోమ్ పేర ప్రకటించెను. నేడు దాని అంతర్జాతీయ వ్యాపారముపై కఠినమైన నిషేధమున్నది. ఎఱ్ఱచందనము వ్యాపారము 1995 నుండి అంతర్జాతీయ నియంత్రణకు లోబడియున్నది. ఒక పేరు క్రింద రెండు జాతులు కలిసిపోయినచో, వానిలో అరుదైనది ఎవరికిని తెలియకుండ నశింపవచ్చును. ఒకే జాతి రెండు పేర్లతో చెలామణియైనచో లెక్క తప్పును. శేషాచలపు కొండసాంబ్రాణి చెట్టును ప్రత్యేకజాతిగా గుర్తించి బాస్వెల్లియా ఓవాలిఫోలియోలేటా అని పేరిడినది 1961లోనే. అది కొత్త నియమము వచ్చిన పిదప పుట్టిన పేరగుటచే మూలనమూనాతోడనే లోకమునకు వచ్చినది. రెండు శతాబ్దములలో శాస్త్రము నేర్చుకొన్న పాఠము ఆ భేదమున కనబడును. 2010లో ఈ కొండలను శేషాచల జీవావరణ మండలముగా ప్రకటించుటకు వెనుక ఇట్టి పేర్ల పట్టికలే సాక్ష్యమిచ్చినవి.

రాక్స్‌బర్గు జీవితమును తూచునప్పుడు ఒక వెలితిని గూడ చెప్పవలెను. నేడు మూలాధారములుగా నిలిచిన ఆ చిత్రములను గీసిన తెలుగుతీరపు చిత్రకారుల పేర్లు లోకమునకు దక్కలేదు. వేల మొక్కలకు పేర్లు కూర్చిన ఉద్యమమున కుంచె పట్టిన చేతులు అనామకములయ్యెను. అతని తరువాత వచ్చిన రాబర్ట్ వైట్ ఈ విషయమున ఒక అడుగు ముందుకు వేసెను. తన చిత్రకారులైన రంగయ్య, గోవిందుల పేర్లను చిత్రములపై నిలిపెను; ఒక ఆర్కిడ్ ప్రజాతికి గోవిందు పేరునే పెట్టెను. తిరుమలపై పెరుగు మొగి చెట్టునకు మొదట శాస్త్రనామమిచ్చినవాడును ఆ వైటే. రాక్స్‌బర్గు చిత్రములను పెక్కింటిని తన గ్రంథమున అచ్చువేసి నలుగురికి అందించినవాడును అతడే.

సర్వము కోల్పోయిననాడు రాక్స్‌బర్గు చేసినది గొప్ప ప్రతిజ్ఞ కాదు. మరునాటినుండి మరల చూచుట, మరల వ్రాయుట. చూచినదానికి తేదీ, స్థలము, ఊరివారి మాట చేర్చుట మరువకుండుట. పాఠశాల విద్యార్థి తన ఊరి చెరువుగట్టున ఒక మొక్కను చూచి, అది పూచిన నెలను, అవ్వ దానిని పిలుచు పేరును నోటుపుస్తకమున వ్రాసికొన్నచో ఆ వ్రాతకును విలువ కలదు. సామర్లకోటలో ఒక వైద్యుడు అట్లు వ్రాసికొనుట వలననే, కొమ్మ పోయినను, తోట కూలినను, శేషాచలపు తంబజాలారి తన తెలుగుపేరును నిలుపుకొన్నది.